రెంబ్రాంట్ ముఖాల మీద నీడ ఎవరి నిర్ణయం?

అరుణరేఖ:
ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉన్న ఒక చిన్న బొమ్మ గురించి ఇక్కడి సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో, ఇంకా సొంతూరు లైడెన్‌లో ఉన్న రోజుల్లో, తనను తాను చిత్రించుకున్న బొమ్మ అది. ఓక్ చెక్క పలక మీద తైలవర్ణాలతో వేసినది, ఎత్తు 22.6 సెంటీమీటర్లు, వెడల్పు 18.7 సెంటీమీటర్లు. వెలుగు ఎడమ పక్క నుంచి కాస్త వెనకగా వచ్చి మెడ మీద, చెవి తమ్మె మీద, చెంప అంచున, ముక్కు కొసన మాత్రమే పడుతుంది. నుదురూ కళ్లూ నీడలోనే ఉండిపోతాయి. కాసేపు నిలకడగా చూస్తే తప్ప ఆ కళ్లు సరిగ్గా మన వైపే చూస్తున్నాయన్న సంగతి తెలియదు.

పోర్ట్రెయిట్ అన్నాక మనిషిని గుర్తుపట్టించాలి. గుర్తుపట్టడానికి మనం ముందుగా చూసేది కళ్లనే. అలాంటప్పుడు కళ్లను దాచి చెవి తమ్మెకు వెలుగునివ్వడం ఏమి లెక్క? బరోక్ యుగంలో, అంటే 17వ శతాబ్దపు యూరప్‌లో, అందరూ ఇలాగే వేసేవారా, లేక తన బొమ్మ కాబట్టి ఈ యువకుడు తీసుకున్న చొరవా? డబ్బిచ్చి వేయించుకునే మనిషి ముఖాన్ని కూడా ఇలా చీకట్లో ఉంచగలిగేవాడా? నా అసలు ప్రశ్న ఈ చివరిదే.

చరిత్రపుట:
అరుణరేఖ గారూ, ముందుగా ఈ చీకటి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1599–1600లో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో రోములోని సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేసీ చర్చిలో యేసు మత్తయిని శిష్యుడిగా పిలిచిన ఘట్టాన్ని చిత్రించినప్పుడు, వెలుగు గదంతా పరుచుకోకుండా కుడివైపు పైనుంచి ఏటవాలుగా దిగి, కావలసిన ముఖాల మీద మాత్రమే ఆగింది. ఆ బొమ్మలో ఒక కిటికీ కూడా ఉంది, కానీ అందులోంచి వెలుగేమీ రాదు. వెలుగు ఎక్కడి నుంచి రావాలో కథ నిర్ణయించింది. 1672లో బెల్లోరి రాసిన జీవితచరిత్రలో, కరవాజ్జో మనుషులను చీకటి గదిలో నిలబెట్టి, ఎత్తున పెట్టిన దీపం వెలుగు శరీరంలోని ముఖ్యభాగం మీద సూటిగా పడేలా చేసి, మిగిలినదంతా నీడకు వదిలేసేవాడని ఉంది. బెల్లోరికి ఈ పద్ధతి ఏమాత్రం నచ్చలేదు కాబట్టి ఆ వర్ణనలో కొంత నిష్ఠూరం కూడా ఉందని గుర్తుంచుకోవాలి.

రెంబ్రాంట్ జన్మలో ఇటలీ వెళ్లలేదు. అయితే ఉట్రెక్ట్ నుంచి రోముకు వెళ్లి వచ్చిన హోంట్‌హోర్స్ట్ వంటి చిత్రకారులు ఆ పద్ధతిని నెదర్లాండ్స్‌కు మోసుకొచ్చారు; హోంట్‌హోర్స్ట్‌కు ఇటలీలో ‘రాత్రుల గెరార్డో’ అన్న పేరే స్థిరపడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్‌కు కొద్ది నెలలు గురువుగా ఉన్న లాస్ట్‌మన్ కూడా రోము చూసి వచ్చినవాడే.

మీ చివరి ప్రశ్నకు వస్తే, ఒక విషయం గమనించండి. కరవాజ్జో గాఢమైన చీకటిని మతకథల్లో ధారాళంగా వాడాడు. మాల్టా యోధుల అధిపతి అలోఫ్ దె విన్యాకూర్‌ను 1607–08 ప్రాంతంలో కవచంతో చిత్రించినప్పుడు మాత్రం, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మలో, వెనక చీకటి ఎంత ఉన్నా పెద్దమనిషి ముఖం స్పష్టంగానే కనిపిస్తుంది. ఆశ్రయమిచ్చిన అధిపతి ముఖాన్ని నీడలో ముంచే సాహసం కరవాజ్జో అంతటివాడు కూడా చేయలేదు.

అవిసెనూనె:
బొమ్మలు వేసేవాడిగా నాకు తోచింది చెబుతాను. 1628 నాటి ఆ పలక అమ్మకానికి వేసిన పోర్ట్రెయిట్ కాదు, చేతి సాధన. అద్దం ముందు కూర్చుంటే మోడల్‌కు డబ్బివ్వనక్కర్లేదు, ‘నా ముక్కు ఇలా లేదు’ అనే మనిషీ ఉండడు. ఆ కాలపు డచ్ చిత్రకారులు ‘ట్రోనీ’ అని ఒక రకం బొమ్మలు వేసేవారు. ఫలానా వ్యక్తి అని కాకుండా ఒక ముఖం, ఒక భావం, ఒక రకం వెలుగు అన్నవే వాటికి వస్తువు. ఈ స్వీయచిత్రం ఆ కోవలో చేరుతుంది.

అందులో జుట్టు చూడండి. గోధుమరంగు పూత పచ్చిగా ఉండగానే కుంచె వెనక కొసతో గీరి, అడుగున ఉన్న లేతరంగు బయటపడేలా చేశాడు. వెలుగు తగిలిన ఒక్కొక్క వెంట్రుక పాయ అలా వచ్చింది. రంగు పైన వేసి వెలుగు తెప్పించడం అందరూ చేసేదే. రంగు తీసేసి వెలుగు తెప్పించడం ఆ వయసుకే అతనికి పట్టుబడింది. వెనక గోడ కూడా చీకటి గోడ కాదు, లేత బూడిదరంగు గోడ. ముఖం చీకటిగా, గోడ వెలుగుగా ఉండడం వల్లే ఆ తల అంత బరువుగా కనిపిస్తుంది. నల్లటి గోడ ముందు నల్లటి ముఖం పెట్టి ఉంటే బొమ్మ మునిగిపోయేది.

మసకగాజు:
నేను స్టూడియో ఫోటోగ్రఫీ చేస్తాను. మా వృత్తిలో ‘రెంబ్రాంట్ లైటింగ్’ అనేది రోజూ వాడే మాట. ప్రధానమైన లైటును మనిషికి పక్కగా, కంటి మట్టానికి పైన, సుమారు 45 డిగ్రీల కోణంలో ఉంచితే, నీడలో ఉన్న చెంప మీద కంటి కింద ఒక చిన్న వెలుగు త్రికోణం ఏర్పడుతుంది. అది కంటికంటే వెడల్పుగా, ముక్కుకంటే పొడవుగా ఉండకూడదని నేర్పుతారు. తమాషా ఏమిటంటే, మీరు చెప్పిన బొమ్మలో ఆ త్రికోణం లేనే లేదు. ఆయన పేరు పెట్టుకున్న సూత్రం ఆయన పోర్ట్రెయిట్లలో కొన్నింటికి మాత్రమే, అదీ ఎక్కువగా డబ్బిచ్చి వేయించుకున్నవాటికి, సరిపోతుంది. మా దగ్గరకు వచ్చేవారూ అంతే: సగం ముఖం నీడలో ఉంటే ముచ్చటపడతారు గానీ, రెండు కళ్లూ కనబడకపోతే ఇంకో ఫోటో తీయమంటారు.

కాలువగట్టు:
నేను చాలాకాలంగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను కాబట్టి ఇక్కడి మ్యూజియంలకు వెళ్లే వీలుంది. డబ్బిచ్చేవారి సంగతికి మంచి ఉదాహరణ మార్టెన్ సోల్‌మన్స్, ఓప్యెన్ కోపిట్ అనే దంపతుల జంట పోర్ట్రెయిట్లు. 1634లో వేసినవి, నిలువెత్తు బొమ్మలు. 2016లో రైక్స్‌మ్యూజియం, లూవ్ర్ కలిసి 160 మిలియన్ యూరోలకు కొని, రెండు చోట్లా ప్రదర్శిస్తున్నాయి. వాటి ముందు నిలబడితే మొదట కంటబడేవి లేసు కాలరు, పాదరక్షల మీది పెద్ద పెద్ద లేసు పువ్వులు. ఆ తరువాత ముఖాలు. రెండు ముఖాలూ హాయిగా వెలుగులో ఉన్నాయి, నీడ దవడ కింద మర్యాదగా ఒదిగి ఉంది.

కానీ రెంబ్రాంట్ నీడను వదులుకోలేదు, చోటు మార్చాడంతే. దంపతులిద్దరూ నల్లబట్టల్లో ఉన్నారు. ఆ నలుపులో పట్టు మెరిసే నలుపు, నేతలో పూలు తేలిన నలుపు, మడతలో పూర్తిగా వెలుగు చచ్చిన నలుపు అన్నీ వేరువేరుగా కనిపిస్తాయి. ధనవంతులు నలుపు వేసుకునే దేశంలో పోర్ట్రెయిట్లు వేసేవారికి ఈ విద్య తప్పనిసరి. హార్లెమ్‌కు చెందిన ఫ్రాన్స్ హాల్స్ బొమ్మల్లో ఇరవై ఏడు రకాల నలుపులున్నాయని వాన్ గో 1885లో తమ్ముడికి ఉత్తరం రాశాడు. ఆయన నిజంగా లెక్కపెట్టాడని నేననుకోను గానీ, హాల్స్ బొమ్మ ముందు నిలబడితే ఆ మాట అతిశయోక్తిగా తోచదు.

కొనేవాడికి నచ్చకపోతే ఏమవుతుందో కూడా రికార్డుల్లో ఉంది. 1654లో దియెగో దాంద్రాదా అనే పోర్చుగీసు వ్యాపారి, తాను 75 గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు) ముందుగా ఇచ్చి వేయించిన ఒక అమ్మాయి బొమ్మలో ఆమె పోలికలు లేవని నోటరీ ద్వారా ఫిర్యాదు పంపాడు. మిగతా డబ్బు చెల్లించేదాకా కుంచె ముట్టనని, పోలిక ఉందో లేదో చిత్రకారుల సంఘం పెద్దలు తేల్చాలని రెంబ్రాంట్ జవాబిచ్చాడు. ఆ బొమ్మలో తగవు నీడ గురించేనని పత్రంలో లేదు. అయినా 1634లో ఆ దంపతులకు అంత వెలుగునిచ్చిన మనిషి, ఇరవై ఏళ్ల తరువాత బేరగాళ్ల ఇష్టానిష్టాలను ఎంత ఖాతరు చేశాడో ఆ జవాబులో తెలుస్తుంది.

అరుణరేఖ:
కాలువగట్టు గారూ, ధన్యవాదాలు. అంటే నీడ ఎంత గాఢంగా ఉంటే చిత్రకారుడికి అంత స్వేచ్ఛ ఉన్నట్టు అని ఒక కొలమానం పెట్టుకోవచ్చా? అలాగైతే రెంబ్రాంట్ వేసిన ‘నైట్ వాచ్’ సంగతేమిటి? అది కూడా డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మే కదా, అందులో నీడకు కొదవ లేదు.

చరిత్రపుట:
మీ కొలమానానికి ‘నైట్ వాచ్’ కఠినమైన పరీక్షే. అది 1642లో ఆమ్‌స్టర్‌డామ్ పౌర రక్షకదళం ఒకటి తమ భవనంలోని పెద్ద హాలు కోసం వేయించుకున్న సామూహిక పోర్ట్రెయిట్. కెప్టెన్ ఫ్రాన్స్ బానింక్ కాక్. తరువాతి కాలంలో ఇద్దరు సాక్షులు ఇచ్చిన వాంగ్మూలాల ప్రకారం, ఒక్కొక్కరు సగటున 100 గిల్డర్లు ఇచ్చారు. బొమ్మలో దొరికిన చోటును బట్టి కొందరు ఎక్కువ, కొందరు తక్కువ చెల్లించారు. అంటే చోటుకు ధర ఉంది. ఇక్కడ చోటు అంటే వెలుగే.

అలా చెల్లించినవారిలో కొందరి ముఖాలు ఎవరిదో చెయ్యి అడ్డుపడి, ఎవరిదో టోపీ నీడ పడి సగమే కనిపిస్తాయి. ఒక్క గిల్డరు కూడా ఇవ్వని ఒక చిన్న పాపకు మాత్రం, నడుముకు కోడిని వేలాడదీసుకుని పరుగెత్తుతున్న ఆ పాపకు, బొమ్మలోకెల్లా ప్రకాశవంతమైన వెలుగు దక్కింది. దళంలో ఎవరికైనా కడుపు మండి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు. మండిందనడానికి ఆధారాలు మాత్రం లేవు. బొమ్మ నచ్చక తిరస్కరించారన్న కథ చాలాచోట్ల కనిపిస్తుంది గానీ అది కట్టుకథ. వాళ్లు డబ్బిచ్చారు, హాల్లో పెట్టుకున్నారు.

రెంబ్రాంట్ దగ్గర శిష్యరికం చేసిన హోగ్‌స్ట్రాటెన్ 1678లో తన గ్రంథంలో ఈ బొమ్మ గురించి రాశాడు. గురువుగారు విడివిడి పోర్ట్రెయిట్ల కంటే మొత్తం బొమ్మకే పెద్దపీట వేశారని, అందువల్లే దాని పక్కనున్న మిగతా బొమ్మలు పేకముక్కల్లా కనిపిస్తాయని కొందరంటారని చెప్పి, అయినా ఇందులో ఇంకాస్త వెలుగు వెలిగించి ఉంటే బాగుండేదని ముగించాడు. శిష్యుడి మాటలో మెచ్చుకోలూ ఫిర్యాదూ రెండూ ఉన్నాయి.

ఇంకొక్క విషయం. అది రాత్రి దృశ్యం కాదు. వార్నిష్ నల్లబడి, పొగా దుమ్మూ పట్టి, 18వ శతాబ్దం చివరికి చూసేవారికి రాత్రిలా తోచింది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత శుభ్రం చేసినప్పుడు పగటి వెలుగు తిరిగి బయటపడింది. కెప్టెన్ చాచిన ఎడమచేతి నీడ పక్కనున్న లెఫ్టినెంట్ పసుపు కోటు మీద వేళ్లతో సహా పడి ఉంటుంది. రాత్రివేళ అంత నిక్కచ్చి నీడ ఎక్కడిది?

మసకగాజు:
అరుణరేఖ గారి కొలమానంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నీడ తక్కువగా ఉన్నంత మాత్రాన చిత్రకారుడు కొనేవాడికి లొంగినట్టు కాదు. కాలువగట్టు గారు ప్రస్తావించిన హాల్స్‌నే తీసుకోండి. 1624లో ఆయన వేసిన, ఇప్పుడు లండన్ వాలెస్ కలెక్షన్‌లో ఉన్న మీసాల యువకుడి పోర్ట్రెయిట్‌లో వెలుగు ముఖమంతా పరుచుకుని ఉంది. హాల్స్ కుంచెలోని స్వేచ్ఛ నీడలో లేదు, చేతి వేగంలో ఉంది. వెలుగును ఒకే పాటిగా ఉంచుకున్నాడు కాబట్టే ఒక్కొక్క గీత విడిగా మాట్లాడగలిగింది. ముఖంలో సగాన్ని నీడకు అప్పగిస్తే అన్ని గీతలకు అక్కడ పని ఉండదు.

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ కూడా ఉన్నాడు. రెంబ్రాంట్ ఒక్కడితో యుగమంతటినీ కొలవడం సరికాదు.

చరిత్రపుట:
మసకగాజు గారూ, వెలాస్కెజ్‌ను మీరు తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను: 1650లో ఆయన రోములో ఉండగా ఒకే ఏడాదిలో వేసిన రెండు పోర్ట్రెయిట్లను పక్కపక్కన పెట్టి చూశారా? ఒకటి పదో ఇన్నోసెంట్ పోపుది, రోములోని దోరియా పాంఫీలీ గ్యాలరీలో ఉంది. రెండోది హువాన్ దె పరేహాది, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పరేహా వెలాస్కెజ్ వర్క్‌షాపులో పనిచేసిన బానిస. పోపును చిత్రించే ముందు చేతి సాధకం కోసం ఈ బొమ్మ వేశాడని వెలాస్కెజ్ జీవితచరిత్ర రాసిన పాలోమీనో చెప్పాడు. 1650 మార్చి 19న రోములోని పాంథియోన్‌లో దీన్ని ప్రదర్శించారు.

పోపు ముఖం పూర్తి వెలుగులో ఉంది. ఎర్రటి తెర, ఎర్రటి కుర్చీ, ఎర్రటి పైవస్త్రం నడుమ నీడకు పెద్దగా చోటే లేదు. పరేహా ముఖంలో వెలుగు నుదుటి మీద, ముక్కు మీద, చెంప ఎముక మీద నిలిచి, అవతలి పక్కన వెనకనున్న బూడిద ఆకుపచ్చ రంగులోకి మెల్లగా కలిసిపోతుంది. తెల్లటి లేసు కాలరు ఆ ముఖాన్ని కింద నుంచి ఎత్తి పట్టినట్టు ఉంటుంది. పరేహా డబ్బిచ్చినవాడు కాదు, అభ్యంతరం చెప్పగల స్థితిలోనూ లేడు. అందువల్ల అరుణరేఖ గారి కొలమానం ఇక్కడ పనిచేస్తుందనే చెప్పాలి. కానీ అది పనిచేసే తీరు మనసుకు అంత సుఖంగా లేదు: చిత్రకారుడి స్వేచ్ఛ ఇక్కడ ఎదుటి మనిషికి స్వేచ్ఛ లేకపోవడం మీద నిలబడింది. అదే ఏడాది నవంబరులో వెలాస్కెజ్ అతన్ని విడుదల చేస్తూ పత్రం రాశాడు; అది అమల్లోకి రావడానికి నాలుగేళ్ల గడువు కూడా అందులోనే పెట్టాడు. పరేహా ఆ తరువాత స్వతంత్ర చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు.

గోలకొండవాసి:
నేను దక్కనీ చిత్రాల మీద ఆసక్తి ఉన్నవాడిని. ఈ చర్చకు మన వైపు నుంచి నిజమైన సంబంధం ఒకటుంది. రెంబ్రాంట్ 1656–1661 మధ్య మొఘల్ సూక్ష్మచిత్రాలను చూసి గీసుకున్న బొమ్మలు ఇరవైకి పైగా నేటికీ మిగిలి ఉన్నాయి. జహంగీరు, షాజహాను వాటిలో ఉన్నారు. ఖరీదైన ఆసియా కాగితం మీద, గోధుమరంగు ఇంకుతో గీశాడు. 2018లో లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియం వీటిని భారతీయ చిత్రాలతో కలిపి ప్రదర్శించింది. డచ్ ఈస్టిండియా కంపెనీ 1605లోనే మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టింది కాబట్టి మన అద్దకపు బట్టలూ బొమ్మలూ ఆమ్‌స్టర్‌డామ్ చేరడానికి దారి సుగమంగానే ఉండేది.

1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన ఒక ఆల్బం, ఆమ్‌స్టర్‌డామ్ నగర పాలకుడు విట్సెన్ చేతికి చేరి, ఇప్పుడు అదే రైక్స్‌మ్యూజియంలో ఉంది. హిందూస్థాన్, దక్కన్ ప్రభువుల పోర్ట్రెయిట్లు 49 ఉన్నాయి అందులో. అరుణరేఖ గారు చెప్పిన 1628 నాటి పలకా, ఈ ఆల్బమూ ఒకే కప్పు కింద ఉన్నాయన్నమాట. గోల్కొండ చిత్రకారుడు ముఖానికి ఒకే పాటి వెలుగునిచ్చాడు, ఎందుకంటే అతనికి వెలుగు కిటికీలోంచి వచ్చేది కాదు. ప్రభువు ముఖం ఏ పూట ఎలా ఉందన్నది అతని వస్తువే కాదు. కనురెప్ప వంపు, దవడ అంచు, ఆభరణం ఎవరివి ఎలా ఉన్నాయో పొల్లుపోకుండా తెలియాలి. యూరప్ నుంచి వచ్చిన అచ్చుబొమ్మలు చూసి మొఘల్ చిత్రకారులు కంటి కింద, మెడ దగ్గర మెత్తటి నీడలు కొంత అలవాటు చేసుకున్నారు గానీ, ముఖాన్ని సగం దాచే పని ఎన్నడూ చేయలేదు.

రెంబ్రాంట్ ఆ బొమ్మలను గీసుకునేటప్పుడు దుస్తులు, తలపాగాలు, నిలబడిన భంగిమలు జాగ్రత్తగా తీసుకున్నాడు. కానీ కొన్నింట్లో పలచటి ఇంకు పూసి, నేల మీద పాదాల దగ్గర నీడలు కలిపాడు. మూలంలో లేని వెలుగు దిక్కును తన వైపు నుంచి చేర్చాడు.

అవిసెనూనె:
గోలకొండవాసి గారు చెప్పింది చాలా విలువైన సంగతి. ఇంకు పూతతో నీడ కలపడమంటే అక్కడ కాగితం తెలుపును కొంత మూసేయడమే. మూయకుండా వదిలిన చోటు వెలుగవుతుంది. తైలవర్ణాల్లో వ్యవహారం వేరు. అక్కడ నీడ పలచగా, వెలుగు మందంగా ఉంటుంది. రెంబ్రాంట్ పెద్ద వయసు బొమ్మల్లో నుదుటి మీది వెలుగు సీసపు తెలుపుతో ఎంత మందంగా ఉంటుందంటే, మ్యూజియం లైటు ఆ రంగు గుట్టల మీద పడి నిజంగానే చిన్న నీడలు పుట్టిస్తుంది.

కొత్తకుంచె:
నమస్కారం. నేను తైలవర్ణాలు నేర్చుకుంటున్నాను. సాధన కోసం రెంబ్రాంట్ ముఖాలను చూసి వేస్తుంటే నీడభాగం ఎప్పుడూ సుద్దపొడి చల్లినట్టు తెల్లబారి ఉంటోంది. మరికొన్ని చోట్ల ఆరిన తరువాత మచ్చలుగా మెరుపు పోతోంది. నల్లరంగు ఎక్కువ కలిపి చూశాను, బొగ్గులా తయారైంది. ఎక్కడ పొరపాటు జరుగుతోందో పెద్దలు చెప్పగలరు.

అవిసెనూనె:
కొత్తకుంచె గారూ, మీరు నీడలో తెలుపు కలుపుతున్నారని నా అనుమానం. తెల్లరంగు తనలోకి వచ్చిన వెలుగును అక్కడికక్కడే చెదరగొట్టి వెనక్కి పంపుతుంది. నీడలో అది ఒక చుక్క ఉన్నా లోతు పోతుంది. నీడలో మనకు కావలసింది అందుకు వ్యతిరేకం: వెలుగు పలచటి రంగు పొరలోంచి లోపలికి దిగి, అడుగున ఉన్న అస్తరు పూతను తాకి, ఆ రంగులన్నీ కలుపుకుని బయటికి రావాలి. అప్పుడే చీకటి కూడా గాలి ఆడే చోటులా ఉంటుంది.

అందుకే ఆ కాలంవాళ్లు తెల్లటి కాన్వాసు మీద మొదలుపెట్టేవారు కాదు. ముందే గోధుమరంగో బూడిదరంగో పూసుకునేవారు. దాని మీద గోధుమ రంగులతో బొమ్మ మొత్తం వెలుగునీడలుగా విడగొట్టి ఆరనిచ్చేవారు. వెలుగు భాగాన్ని ఆ తరువాత సీసపు తెలుపు కలిసిన రంగులతో మందంగా కట్టుకుంటూ వచ్చేవారు. నీడ భాగాన్ని మాత్రం దాదాపు అలాగే ఉంచి, అవసరమైతే అవిసెనూనె కలిపిన పలచటి పారదర్శక రంగు ఒకటి రెండు పూతలు వేసేవారు. రెంబ్రాంట్ బొమ్మల్లో కొన్నిచోట్ల నీడ అనుకున్నది కేవలం తొలి గోధుమ పూతే. మళ్లీ కుంచె తగలలేదు. మీరు కూడా అస్తరు రంగును నీడలో పని చేయనివ్వండి.

ముఖం మీద వెలుగూ నీడా కలిసే అంచును అన్నిచోట్లా ఒకేలా ఉంచకండి. ముక్కు దూలం దగ్గర అంచు పదునుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎముక ఉంది. చెంప మీద మెత్తగా ఉంటుంది. నీడపక్క దవడ వెనక గోడలో కలిసిపోవచ్చు. చూసేవాడి కన్ను దాన్ని పూర్తిచేసుకుంటుంది.

మెరుపు పోయిన మచ్చలకు కారణం, అక్కడ అడుగుపొర పైపూతలోని నూనెను పీల్చేసుకోవడం. బాగా ఆరిన తరువాత ఆ చోట అతి పలచగా నూనె రుద్ది, మిగిలినది గుడ్డతో తుడిచేస్తే రంగు తిరిగి తేరుకుంటుంది. సీసపు తెలుపు విషం కాబట్టి ఇంట్లో దానితో పెట్టుకోకండి. టైటానియం తెలుపు వాడండి, కానీ అది చాలా బలమైన రంగు, మీరు అనుకున్న దానికంటే తక్కువ సరిపోతుంది.

కాలువగట్టు:
ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. ఇప్పుడు మనం చూసే నీడ రెంబ్రాంట్ వదిలిన నీడే అనుకోకూడదు. ఆయన పెద్ద వయసు బొమ్మల్లో స్మాల్ట్ అనే నీలిగాజు పొడిని గోధుమ రంగుల్లో విరివిగా కలిపాడు. రంగు త్వరగా ఆరడానికి, పొరకు బరువు రావడానికి అది పనికొచ్చేది. ఆ నీలం కాలక్రమంలో వెలిసి బూడిదరంగైపోతుంది. కాబట్టి ఈనాడు మొత్తం వెచ్చటి గోధుమగా కనిపించే నీడల్లో కొన్ని ఒకప్పుడు చల్లగా ఉండి ఉండాలి.

ఫోన్ తెరల మీద చూసేవారికి మరో ఇబ్బంది ఉంది. బొమ్మ బాగా కనబడాలని నీడలను వెలిగించి పెట్టిన ప్రతులు ఇంటర్నెట్‌లో కొల్లలుగా ఉన్నాయి. 1628 నాటి పలకలో అరుణరేఖ గారు చెప్పిన కళ్లు అలాంటి ప్రతుల్లో మొదటి చూపులోనే కనబడిపోతాయి, బొమ్మ ఉద్దేశమే నాశనమవుతుంది. నేర్చుకునేవారు మ్యూజియంలు స్వయంగా పెట్టిన ప్రతులే చూడాలి. రైక్స్‌మ్యూజియం 2022లో ‘నైట్ వాచ్’ ఫోటోను 717 గిగాపిక్సెళ్ల పరిమాణంలో పెట్టింది. అందులో రంగు పగుళ్లు కూడా ఎంచవచ్చు.

బొమ్మను ఏ వెలుగులో చూడాలన్న పట్టింపు రెంబ్రాంట్‌కే ఉండేది. 1639లో డచ్ పాలకుడి కార్యదర్శి హైగెన్స్‌కు బహుమతిగా ఒక బొమ్మ పంపుతూ, దాన్ని గట్టి వెలుగులో, దూరంగా నిలబడి చూసే వీలున్న చోట వేలాడదీయమని, అప్పుడే అది బాగా మెరుస్తుందని ఉత్తరంలో రాశాడు.

అరుణరేఖ:
అందరి వివరణలూ చదివాక నా కొలమానాన్ని కాస్త సవరించుకుని అడుగుతాను. కొనేవాడు స్నేహితుడైతే? తన ముఖాన్ని నీడలో పెట్టడానికి ఒప్పుకున్న స్నేహితుడు రెంబ్రాంట్‌కు ఎవరైనా ఉన్నారా?

చరిత్రపుట:
ఉన్నాడు, యాన్ సిక్స్. సంపన్న కుటుంబంలో పుట్టి, కవిత్వం రాసి, తరువాతి కాలంలో ఆమ్‌స్టర్‌డామ్ నగర పాలకుడైన వ్యక్తి. 1654లో రెంబ్రాంట్ వేసిన ఆయన పోర్ట్రెయిట్ నేటికీ ఆ కుటుంబం వద్దే ఉంది. ఎర్రటి పైవస్త్రం మీది బంగారు పట్టీలు ఒక్కొక్కటి ఒక్కో కుంచె వేటుతో వేశాడు. చేతితొడుగు దగ్గర చూస్తే బొమ్మ పూర్తికాలేదేమోననిపిస్తుంది. ముఖం మాత్రం వెలుగులోనే, శ్రద్ధగా వేసి ఉంది.

మీ ప్రశ్నకు సరైన సమాధానం అంతకు ముందు, 1647లో, రాగిరేకు మీద చేసిన ఎచింగ్, అంటే రేకు మీద గీతలను ఆమ్లంతో తొలిపించి కాగితం మీద అచ్చువేసిన బొమ్మ. అందులో సిక్స్ తెరిచిన కిటికీ అంచుకు వీపు ఆనించి నిలబడి చదువుకుంటున్నాడు. వెలుగు వెనక నుంచి వస్తోంది కాబట్టి ముఖం నీడలో ఉండాలి, ఉంది కూడా. అయితే చేతిలోని కాగితాల మీద పడిన వెలుగు తిరిగి పైకి లేచి ఆ ముఖాన్ని కింద నుంచి లేతగా వెలిగిస్తోంది. గదిలో మిగిలినదంతా సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి అల్లుకుంటూ దాదాపు నల్లగా అయిపోయింది. తొలి చిత్తుప్రతిలో ఆయన కిటికీ పక్కన నిలబడి ఉండగా ఒక కుక్క మీదికి ఎగబాకుతూ ఉంది. చివరికి కుక్క పోయి కాగితాలు వచ్చాయి. ఆ మార్పు ఎవరు అడిగారో గానీ, ముఖాన్ని వెలిగించే పని కుక్క చేయలేదు కదా!

మసకగాజు:
మా భాషలో దాన్ని రిఫ్లెక్టర్ అంటాం. తెల్లటి థర్మోకోల్ షీటు ఒకటి ఒళ్లో పెడితే పనైపోతుంది. ఆ పనిని చదువుతున్న కాగితాల చేతే చేయించడం మాత్రం నాకు ఇంతవరకూ తట్టలేదు. అరుణరేఖ గారి సవరించిన కొలమానాన్ని ఈ ఒక్క ఉదాహరణ కోసం ఒప్పుకుంటాను, హాల్స్ విషయంలో మాత్రం నా మాట నాదే.

కొత్తకుంచె:
అవిసెనూనె గారూ, నీడ మొదటి పూతకు రా అంబర్ (గోధుమ మట్టిరంగు) ఒక్కటి చాలా, బోన్ బ్లాక్ (ఎముకల బొగ్గు నలుపు) కూడా కలపాలా?

అవిసెనూనె:
మొదటి పూతకు రా అంబర్ ఒక్కటే చాలు. దాంట్లో మాంగనీసు ఉండడం వల్ల త్వరగా ఆరుతుంది, పై పొరలు వేయడానికి ఎక్కువ కాలం ఆగనక్కర్లేదు. బోన్ బ్లాక్ చాలా నెమ్మదిగా ఆరుతుంది, అడుగున వేస్తే పైపొర పగిలే ప్రమాదం ఉంది. కనుపాపకు, ముక్కుపుటం లోపలికి, పెదవుల మధ్య గీతకు మాత్రం చివర్లో కొద్దిగా వాడుకోండి.